ఖాళీ ఇంజనుకు పూజ

ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో పాత షాపులవాళ్లు ఇప్పటికీ ఒక మాట అంటుంటారు. రైలు ఫిట్టరు చెయ్యి పెట్టాడు, షావుకారి కారు టర్బో పోయింది, అని. చెయ్యి పెట్టినవాణ్ణి నేనే. పోగొట్టినవాణ్ణి మాత్రం నేను కాదు. ఇన్నేళ్లుగా ఎదురుపడ్డ ప్రతివాడికీ ఈ సంగతి చెబుతూనే ఉన్నాను. విన్నట్టే తలాడిస్తారు, నాలుగడుగులు వేశాక మళ్లీ అదే మాట అంటారు. నోటితో చెబితే ఊరు వినేలా లేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నేను బడికి వెళ్లింది ఎనిమిదో తరగతి వరకే. ఆ తర్వాత చదివిందంతా డీజిల్ షెడ్డులో చదివాను. సామాను మోసే ఖలాసీగా చేరి, ఫిట్టరునై, ఇరవై ఏళ్ల పైన టర్బోల విభాగంలో పనిచేశాను. రైలింజను టర్బో అంటే ఇద్దరు మనుషులు మోయలేని బరువు. దాని పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కొక్క మాటే పట్టుకుని చదివాను. క్లియరెన్స్ అన్న మాటకు మా డిక్షనరీలో తొలగించుట అని రాసి ఉంది. ఏం తొలగించాలో తెలియక వారం రోజులు తిరిగాను. ఆఖరికి ఒకరోజు షాఫ్టు కొస పట్టుకుని కదిపితే, అది ఊగిన వెంట్రుకవాసి ఖాళీయే ఆ మాట అని నా వేలికి తెలిసింది. ఆ తర్వాత నాకు డిక్షనరీ అక్కర్లేకపోయింది. డిప్లొమాలు చేసి వచ్చిన సూపర్వైజర్లు గేజీ తెచ్చి కొలిచేవాళ్లు. నేను వేలు పెట్టి చెప్పేవాణ్ణి. ఇద్దరి లెక్కా ఒకటే అయ్యేది, పేరు మాత్రం వాళ్లది.

టర్బో అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంజను వదిలే వేడి పొగ ఊరికే పోకుండా దానితో ఒక చక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రం ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని ఇంజనులోకి కూరి పెడుతుంది. అందుకే చిన్న ఇంజనుకు పెద్ద బలం. ఆ ఇరుసు ఇనుము మీద తిరగదు, ఆయిలు మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిలు అందకపోతే కొన్ని క్షణాలు చాలు, దాని పని అయిపోతుంది. రైలింజనుకైనా కారుకైనా ఇదే సంగతి.

ఇక కారు. తొంభైల నడుమ గోల్‌బజారులో స్టీలు గిన్నెల కొట్టు ఉన్న మన షావుకారు ఒకాయన దాన్ని కలకత్తాలో కొన్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి, నాకన్నా పదేళ్లు చిన్న, నన్ను అన్నయ్యా అనేవాడు. మేము క్రైస్తవులం, వాళ్లు హిందువులు, అయినా వాళ్లింట్లో ఏ యంత్రం మొరాయించినా నాకే కబురు వచ్చేది. కారు ఎవరో విదేశీ ఆఫీసరు ఓడలో తెచ్చుకుని, వెళ్లిపోతూ అమ్మేసింది. అప్పటికే పదేళ్ల పాతది. జపాను బండి, ఎర్రటి రంగు, రెండే తలుపులు, పక్కన నిలబడితే కప్పు నా నడుముకు వచ్చేది. వెనక తెల్లటి అక్షరాలతో టర్బో అని ఉండేది. అంత బండి మలంచా రోడ్డులో రిక్షాల వెనక రెండో గేరులో పాకుతూ పోయేది. ఒక్కో గుంత దగ్గర షావుకారు దిగి, వంగి చూసి, మళ్లీ ఎక్కేవాడు.

కొన్న రెండు నెలలకే అది నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. మలంచాలో ఒక బెంగాలీ మిస్త్రీకి గారేజీ ఉండేది. అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగినవాడే, కాదనను. కానీ టర్బోని ఎప్పుడూ విప్పి చూసినవాడు కాదు. పొగ చూశాడు, తేల్చేశాడు.

"ఓటా ఫేలే దిన్ దాదా," అన్నాడు షావుకారితో. తీసి పారెయ్యమని. టర్బో తీసేసి గొట్టానికి గొట్టం కలిపి అతికిస్తే మామూలు కారులా నడుస్తుందట.

షావుకారు బెదిరిపోయాడు. గారేజీ ముందు టీ బడ్డీ దగ్గరే బండి పెట్టి నన్ను పిలిపించాడు. నేను గాలి గొట్టం ఊడదీసి, చక్రం మధ్య నట్టును రెండు వేళ్లతో పట్టుకుని కదిపాను. పక్కలకు ఉండాల్సినంత ఊగింది. ముందుకూ వెనక్కూ కదల్లేదు. ప్రాణంతో ఉంది, బాగా ఉంది. అప్పుడు ఆయిలు చూసే కర్ర తీసి చూశాను. నల్లగా, జిడ్డుగా, బెల్లం పాకంలా దిగుతోంది. వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తే నాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన వాసనే.

"ఇది రైలింజను ఆయిలు. ఎవరు పోసినారు?" అన్నాను.

మిస్త్రీ గర్వంగానే ఒప్పుకున్నాడు. "అస్‌లీ రైలు మాల్ హై దాదా. దీనికన్నా మంచిది దొరుకుతుందా?"

ఖరగ్‌పూర్‌లో ఇదొక పిచ్చి. రైలుది అంటే చాలు, మంచిదే. రైలు గ్రీజు మోకాళ్ల నొప్పులకు రాసుకునే ముసలమ్మలను నేను ఎరుగుదును. ఆ ఆయిలు ఏనుగంత ఇంజనుకు చేసింది. కారు టర్బోకి ఆయిలు వెళ్లే దారి చీపురుపుల్ల సందు. అందులోంచి ఈ పాకం ఎప్పటికి పోవాలి, ఎప్పటికి తిరిగి రావాలి? వెనక్కి వచ్చే గొట్టం మూసుకుపోయి, ఆయిలు పక్కదారిలో పొగగొట్టంలోకి కారుతోంది. అదీ పొగ. ఇదంతా చెప్పాను. మిస్త్రీ నవ్వాడు. టీ బడ్డీ దగ్గర ఉన్నవాళ్లూ నవ్వారు.

"దాదా, రైలింజను వేరు, మోటారు వేరు. మీ ఇస్కూలు ఏ ఇస్కూలు?" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అందరి ముందూ అన్నాను: "సరైన ఆయిలు పోసి, కొత్త ఫిల్టరు వేసి, ఆ గొట్టం శుభ్రం చేస్తే నెల తిరక్కుండా పొగ ఆగుతాది. ఆగకపోతే ఈ రైలోడికి టర్బో తెల్దని నువ్వే ఊరంతా చెప్పు. అప్పుడు తీసి పారేద్దువు."

ఇప్పుడు అర్థమైంది కదా నా బాధ. ఆ టర్బో బతికితే నా మాట బతుకుతుంది. లేకపోతే ఇరవై ఏళ్ల పని ఒక టీ బడ్డీ నవ్వులో కలిసిపోతుంది.

ఆయిలు డబ్బాలు, ఫిల్టరు కలకత్తా నుంచి నేనే తెచ్చాను. ఫిల్టరు అమ్మినవాడు పుస్తకం తిప్పి, "సేమ్ టు సేమ్ దాదా," అన్నాడు. నేను విశ్వకర్మ పూజ అయ్యాక పని పెట్టుకుందామన్నాను. ఈ ఊళ్లో విశ్వకర్మ పూజ అంటే ఊరికే కాదు. వర్క్‌షాపు నుంచి సైకిలు షాపు దాకా ఎవ్వడూ ఆ రోజు పానా ముట్టడు. ముట్టేదల్లా పూలు, కుంకుమ, గాలిపటం దారం. షావుకారు వినలేదు.

"కొత్త ఆయిలుతో పూజకి కూర్సోబెడతాను అన్నయ్యా. మురికితో పూజేటి?"

సరే, పూజ ముందు రోజు నాకు వీక్లీ రెస్టు. పొద్దున్నే మలంచాలో వాళ్లింటికి వెళ్లాను. కారు నేలకు అంత దగ్గరగా ఉంటే కింద దూరేది ఎలా? వాళ్ల పెరట్లో రైలువాళ్లు అమ్మేసిన పాత చెక్క స్లీపర్లు నాలుగు పడి ఉన్నాయి. వాటిని వాలుగా పేర్చి కారును పైకి ఎక్కించాం. ఎక్కించేటప్పుడు షావుకారు కళ్లు మూసుకుని స్టీరింగు పట్టుకున్నాడు. వాళ్లావిడ గుమ్మంలోంచి, "ఒలమ్మో, పడిపోతాదేమో సూడండి!" అని కేకలు.

ఆయిలు పట్టడానికి బేసిను అడిగితే, కొట్టులోంచి పెళ్లివంటల డేక్సా తెచ్చాడు, కొత్తది, అంచున చీటీ కూడా తియ్యలేదు. "ఇంతకన్నా చిన్నది లేదేటి?" అంటే, "మీరు చేసీ పనికి చిన్నదేటన్నయ్యా," అన్నాడు. అలాంటి మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలి? తెచ్చుకున్నాను, సాయంత్రానికల్లా.

ఇంజను కాసేపు నడిపి, ఆయిలు వేడెక్కాక ఇంజను అడుగున ఆయిలు నిలిచే చాంబరు నట్టు విప్పాను. నట్టు ఊడేదాకా బాగుంది, ఊడగానే ఆ పాకమంతా మోచేతి దాకా కారింది. వెనక్కి వచ్చే గొట్టం ఊడదీశాను. లోపల గట్టిపడిన బొగ్గు. సైకిలు పుల్లతో గీకి, కిరసనాయిలుతో కడిగి, ఊది చూస్తే అవతల వెలుతురు కనిపించింది. అదిగో, నేను చెప్పింది ఇదే. మిస్త్రీని పిలిచి చూపిద్దామంటే పూజ సామాను కొనడానికి వెళ్లాడట. గొట్టం తిరిగి బిగించాను.

ఆ తర్వాత ఫిల్టరు. ఆ కారు చేసినవాడు ఎవడో గానీ వాడికి చేతులు ఉండి ఉండవు. ఫిల్టరును టర్బో కిందే, వేడి గొట్టాల మధ్య, ఇంజను వెనక రేకు గోడ వైపు తిప్పి పెట్టాడు. పైనుంచి కనబడుతుంది, చెయ్యి పోదు. కిందనుంచి చెయ్యి పోతుంది, కనబడదు. మధ్యాహ్నం దాకా వేళ్లతో తిప్పాను. కదల్లేదు. సైకిలు చెయిను చుట్టి లాగాను. చెయిను జారి పిడికిలి గొట్టానికి కొట్టుకుని తోలు లేచిపోయింది. షావుకారు పక్కన గొంతుక్కూర్చుని ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు.

"ఎడమకి తిప్పుతున్నారా అన్నయ్యా?"

"మరి కుడికా?"

"జపానోళ్లు కదా, ఒకేల..."

"నోరు మూసుకుని దీపం పట్టు."

ఆఖరికి ఇక దారి లేక స్క్రూడ్రైవరును ఫిల్టరు పొట్టలోంచి అవతలికి దిగ్గొట్టి, దాన్ని పిడిలా పట్టుకుని మెలిపెట్టాను. రేకు చిరిగింది, చిరుగుతూ చిరుగుతూ ఊడింది. పొద్దు వాలుతోంది. చేతులు తుడుచుకుని కలకత్తా ఫిల్టరు తీసి, రబ్బరుకు ఆయిలు రాసి, పెట్టి తిప్పాను. ఎక్కలేదు. మళ్లీ పెట్టాను, ఎక్కలేదు. బయటకు తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మరలు వేరు. సేమ్ టు సేమ్! పాతది ఊడదీస్తే గానీ మర కనబడదు, ఊడదీయాలంటే చీల్చక తప్పలేదు, చీల్చాక తిరిగి పెట్టలేం. రేపు పూజ, కలకత్తాలో మోటారు సామాన్ల కొట్టు ఒక్కటి కూడా తెరవరు. అంటే ఎల్లుండి దాకా కారు అలా ఉండాల్సిందే.

ఏం చెయ్యాలో అన్నీ చేశాను. చాంబరు నట్టు బిగించాను. ఫిల్టరు కూర్చునే చోట దుమ్ము పడకుండా శుభ్రమైన గుడ్డ కట్టాను. బ్యాటరీ వైరు ఊడదీసి పక్కకు వంచాను. కొత్త ఆయిలు డబ్బాలు మూతలు తియ్యకుండా వరండాలో పెట్టాను. షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఇంజను పని సగంలో ఉంటే, దాన్ని కదిలించే హ్యాండిలు తీసి ఫిట్టరు జేబులో వేసుకుని ఇంటికైనా పోతాడు, ఎవడికీ ఇవ్వడు. ఆ అలవాటుతోనే తాళం అడిగాను.

"అదే గుత్తికి గల్లాపెట్టి తాళం, కొట్టు తాళం ఉన్నాయి అన్నయ్యా. నాను ముట్టుకోను, మా అమ్మ మీద ఒట్టు."

గుత్తిలోంచి ఒక్క తాళం తియ్యమని అనొచ్చు కదా నేను? అనలేదు. పొద్దున్నుంచీ తిండి లేదు, పిడికిలి మండుతోంది, ఇంటికి పోవాలని ఉంది. "ఆయిలు పొయ్యకు, స్టార్టు చెయ్యకు, ఎల్లుండి దాకా దాని మొహం చూడకు," అని మూడుసార్లు చెప్పి సైకిలెక్కాను.

మర్నాడు షెడ్డులో పూజ. ఆ రోజు గేట్లు తీసి కుటుంబాలను లోపలికి రానిస్తారు. మేము క్రైస్తవులమైనా ఏటా వెళ్లేవాళ్లం, నా భార్యకు అక్కడి కిచిడీ ఇష్టం. తింటున్నంతసేపూ నాకు అదే ఆలోచన. మా టర్బో ముందు పూలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంజనులన్నిటి హారన్లూ ఒక్కసారి కొట్టారు. అప్పుడు తట్టింది. పూజ అంటే హారను. హారను అంటే బ్యాటరీ. కారుకు పూజ చేసి స్టార్టు చెయ్యని తెలుగువాడు ఈ ఊళ్లో ఎవడైనా ఉన్నాడా?

"ఎక్కడికండీ, ఆకులో అలాగే ఉంది!" అంటోంది నా భార్య.

మలంచా వైపు తిరిగే సందులోకి రాగానే బెంగాలీల పూజ డోలు, ఢాక్ మోత వినిపించింది. దాని కింద ఇంజను మోత. గేటు దగ్గర సైకిలు పడేసి లోపలికి పరుగెత్తాను. కారు స్లీపర్ల మీద నుంచి దిగి ముంగిట్లో ఉంది. తోసి దించారట. బానెట్టు మీద బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు బెంగాలీ పూజారి, పక్కన మలంచా మిస్త్రీ, ఇరుగుపొరుగంతా. షావుకారు లోపల కూర్చుని ఢాక్ దరువుకు సరిగ్గా యాక్సిలరేటరు తొక్కుతున్నాడు. ముందు చక్రం పక్కనుంచి కొత్త ఆయిలు, తేనె రంగులో, పిచికారీలా చిమ్ముతోంది. ముగ్గు మీద, నైవేద్యం పళ్లెంలో, పూజారి ధోవతి మీద. వేడి గొట్టం మీద పడ్డది తెల్లగా పొగ లేస్తుంటే అందరూ సాంబ్రాణి అనుకుని దణ్ణాలు పెడుతున్నారు.

"ఆపు! ఆపరా!" అని అరిచాను. ఢాక్‌వాడు నాకేసి చూసి, నేను కూడా ఉత్సాహపడుతున్నాననుకుని, ఇంకా గట్టిగా వాయించాడు. మనుషులను తోసుకుంటూ వెళ్లి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాను.

ఇంజను ఆగింది. ఢాక్ ఆగింది. టర్బో లోపలి నుంచి కీచుమని ఒక చప్పుడు వచ్చి అదీ ఆగింది. ఆ చప్పుడు ఆ గుంపులో నా ఒక్కడికే తెలుసు.

"ఏటైనాది అన్నయ్యా?" అన్నాడు షావుకారు, నుదుట ఇంతేసి కుంకుమతో.

"ఎంతసేపు నడిపినావు?"

"ఎంతోసేపు కాదు. మంత్రం అయిందాక."

"ఎంత మంత్రం?"

పూజారి ధోవతి పిండుకుంటూ, చిన్నదే చేశానని బెంగాలీలో చెప్పాడు.

"ఆయిలు ఎందుకు పోసినావు? పొయ్యొద్దన్నానా లేదా?"

అప్పుడు ఆ మనిషి నాకు చెప్పిన జవాబు ఈ జన్మలో మరిచిపోను. "అన్నయ్యా, నాను గిన్నెలోణ్ణి. మా తాత నాటి నుంచీ కొట్టులో ఎవులికీ కాలీ గిన్నె ఇవ్వలేదు. బిందె కొన్నా గ్లాసు కొన్నా గుప్పెడు బియ్యమో, పలుకు పంచదారో యేసి ఇత్తాను. కాలీ గిన్నె ఇంటికెల్తే ఆ ఇంటికి మంచిది కాదు. మరి కాలీ ఇంజనుకి పూజ ఎలగ సేత్తాను? అందుకే నాలుగు డబ్బాలూ పోసీసినాను."

నాలుగు డబ్బాలూ ఫిల్టరు లేని కన్నంలోంచి ముంగిట్లోకి వచ్చేశాయి. పంపు తోసిన ఆయిలు ఒక్క చుక్క కూడా టర్బో దాకా వెళ్లి ఉండదు.

"బ్యాటరీ వైరు ఎవరు తగిలించినారు?"

మిస్త్రీ చెయ్యి ఎత్తాడు. "ఢీలా ఛిలో, దాదా. నేనే బిగించాను." వదులుగా ఉందని సాయం చేశాడు పాపం!

"ముందు ఎర్ర లైటు వెలగలేదా? ఆయిలు లైటు?"

"వెలిగినాది," అన్నాడు షావుకారు. "పూజ కదా అన్నయ్యా, అన్ని లైట్లూ వేసినాను."

నేను వాళ్ల గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయాను. అరిచే ఓపిక కూడా లేదు. షావుకారి భార్య కిచిడీ పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది. ముట్టలేదు. ఎవరిని తిట్టాలి? ఒకడు వైరు వదులుగా ఉందని బిగించాడు, ఒకడు ఖాళీ గిన్నె ఇవ్వకూడదని నింపాడు, ఒకడు మంత్రం చదివాడు. అందరూ మంచి పనే చేశారు. వాళ్లకు చెప్పి, తాళం వాళ్ల దగ్గరే వదిలేసి పోయింది నేను.

కలకత్తాకు మళ్లీ వెళ్లాను, చిరిగిన ఫిల్టరును సంచిలో వేసుకుని. ఈసారి మర సరిచూసి, అదే కొట్టులో, వాడి మొహం మీదే తిప్పి చూపించి తెచ్చాను. ఆయిలు పోశాను. ఇంజను అంటుకోకుండా నిప్పురవ్వ వైరు పీకేసి, ఉత్తినే సెల్ఫు కొట్టించాను. ఆయిలు ముందుగా టర్బో దాకా చేరాలని. షెడ్డులో ఇది చెయ్యనివాణ్ణి ఇంజను దగ్గరకు రానివ్వరు. షావుకారు మాత్రం, "బ్యాటరీ అయిపోతాదేమో అన్నయ్యా, స్టార్టు సేసీదునా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఎర్ర లైటు ఆరాక వైరు పెట్టి స్టార్టు చేయించాను. లోపల పాత ఆయిలు జిడ్డు అంటుకుని ఉండబట్టి ఇంజను బాగానే ఉంది. స్క్రూడ్రైవరు కొస టర్బోకు ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాను. సన్నగా, ఇసుక మీద రేకు లాగినట్టు ఒక చప్పుడు.

ఆపి, చల్లారాక గాలి గొట్టం ఊడదీసి నట్టు పట్టుకున్నాను. ముందుకు లాగితే వచ్చింది. వెనక్కి తోస్తే వెళ్లింది. వారం కింద ఈ వేళ్లతోనే కదపబోతే రాయిలా ఉన్నది. ఇంకోసారి పట్టుకుని చూశాను, నా వేళ్లు అబద్ధం చెబుతున్నాయేమోనని. చెప్పడం లేదు. ఇలాగే నడిపితే చక్రం టర్బో లోపలి గోడకు తగిలి, ముక్కలు ఇంజనులోకి పోయి, ఇంజనే పోతుంది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. పొగ కొన్నాళ్లు ఆగేది, నా గడువు నెల రోజులే. ఆ తర్వాత ఎప్పుడు పోయినా నా మాటకు మచ్చ లేదు. ఆ రాత్రి ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. కానీ ఆ వేళ్లతోనే రేపు షెడ్డులో ఇంకో షాఫ్టు పట్టుకోవాలి. పొద్దున్నే షావుకారికి చెప్పాను: "తమ్ముడూ, టర్బో పోయింది. తీసెయ్యాలి."

"మరి మీరు బతుకుతాదన్నారు?"

"అన్నాను."

కొత్తది తెప్పించుకోవచ్చా అని అడిగాడు. ఆ రోజుల్లో, ఆ బండికి, ఎక్కడినుంచి? జపాను నుంచా? బానెట్టు మీద అదే బంతిపూల దండ. ఇంకా తియ్యలేదు, ఎండిపోతోంది.

ఒక్క షరతు పెట్టాను. టర్బో తీశాక, అందరి ముందూ, మిస్త్రీ గారేజీలోనే నేను దాన్ని విప్పుతాను. విప్పాను. ఇరుసు తీసి కాటన్ వేస్టుతో తుడిచి మిస్త్రీ చేతిలో పెట్టాను. అద్దంలాంటి ఇనుము మీద ఒక్క చోట మాత్రం నీలంగా కాలిన పట్టీ, దాని మీద తాజా గీతలు. మిగతా అంతా కొత్తదిలా ఉంది.

"గోరు పెట్టి చూడు. ఇవి పాత గీతలా, పూజ నాటివా?" అన్నాను.

మిస్త్రీ గోరుతో గీకాడు. వెలుతురులో తిప్పాడు. టీ బడ్డీ నుంచి వచ్చినవాళ్లు మెడలు చాచారు. నెమ్మదిగా అన్నాడు: "భాలో ఛిలో." బాగానే ఉండేది, అని. ఇంకో మాట కూడా అన్నాడు, నా వైపు చూడకుండా: "వైరు నేను తగిలించకుండా ఉండాల్సింది."

ఆ మాట అతను ఆ తర్వాత కూడా ఎవరడిగినా చెప్పాడు. చాలాకాలం చెప్పాడు. ఎవడూ పట్టించుకోలేదు. కారు టర్బో పోయింది, రైలోడు చెయ్యి పెట్టాడు. ఈ రెండు ముక్కలే ఊరికి కావాలి, మధ్యలో ఏం జరిగిందో ఎవడికి కావాలి? షావుకారే ఒకసారి నా ముందే ఎవరితోనో, "మా అన్నయ్య శానా కష్టపడినాడు గానీ బండి జాతకం అలాగుంది," అన్నాడు. జాతకమట!

టర్బో తీసేశాక గొట్టానికి గొట్టం మిస్త్రీ అతికించాడు, బాగానే అతికించాడు. కానీ టర్బోకు ఆయిలు వెళ్లే ఆ చీపురుపుల్ల దారిని మూయడం అతనికి చేతకాలేదు. రెండుసార్లు మూత పెట్టాడు, రెండుసార్లూ కారింది. అది కారితే ఈసారి ఇంజను మొత్తం పోతుంది. నన్ను పిలిచాడు. "దాదా, మీ చెయ్యే కావాలి," అన్నాడు, ఈసారి నవ్వలేదు.

మళ్లీ అవే స్లీపర్ల మీదకు కారు ఎక్కింది. రాగి వాషరును ఎర్రగా కాల్చి, మెత్తబడ్డాక నీళ్లలో ముంచి, తెచ్చి పెట్టి, మూత బిగించాను. కింద పడుకుని టార్చి వేసి చూస్తున్నాను. మిస్త్రీ నా పక్కనే పడుకుని చూస్తున్నాడు. షావుకారు స్టార్టు చేశాడు. ఇంజను మామూలు కారులా, టర్బో వేసే ఈల లేకుండా నడిచింది. యాక్సిలరేటరు తొక్కినా అదే గొంతు.

"అన్నయ్యా," అని పైనుంచి కేకేశాడు, "ఏటైనా కారతందా?"

మూత చుట్టూ వేలు పెట్టి తిప్పి చూశాను. పొడిగా ఉంది.

"లేదు," అన్నాను.